నా ఇంగ్లీష్‌కే తెలుగు యాస ఉంది, నేను శరణార్థులకి నేర్పొచ్చా?

ప్రశ్న: మేం జార్జియాలో, అట్లాంటా దగ్గర ఆల్ఫారెటాలో ఉంటాం. మావారిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నేను హెచ్‌4 డిపెండెంట్ వీసా మీద వచ్చాను. కావలిలో హైస్కూల్ పిల్లలకి సోషల్ చెప్పేదాన్ని. ఇక్కడ పిల్లలు స్కూల్ బస్సు ఎక్కాక సాయంత్రం దాకా ఏమీ తోచదు. మా పక్కింటి అమెరికన్ ఆవిడ వారానికోసారి క్లార్క్‌స్టన్ వెళ్లి శరణార్థులకి ఇంగ్లీష్ నేర్పుతుంది. నన్నూ తీసుకెళ్లింది. నేపాలీ పెద్దవాళ్లు, అఫ్గాన్ ఆడవాళ్లు, కాంగో నుంచి వచ్చిన ఒకాయన ఉన్నారు. నాకు చాలా నచ్చింది. కానీ ఇంటికొచ్చాక అన్నీ అనుమానాలే. నా ఇంగ్లీషే తెలుగు యాసలో ఉంటుంది, నేను నేర్పితే వాళ్లకీ అదే అంటుకోదా? పెన్సిల్ పట్టుకోవడమే రాని అరవై ఏళ్లావిడకి ఎక్కడ మొదలుపెట్టాలి? మా వీసాకి ఏమైనా ఇబ్బందా? రెండోవారం వెళ్తే మొదటివారం చూసినవాళ్లలో సగం మంది రాలేదు, వాళ్ల బదులు కొత్తవాళ్లు కూర్చున్నారు. అంత శ్రద్ధ లేనివాళ్ల కోసం అంత దూరం వెళ్లడం ఎందుకంటారు మావారు. "మనం లక్షలు పోసుకుని వచ్చి గ్రీన్‌కార్డు కోసం పడిగాపులు కాస్తున్నాం. వాళ్లకి ఏడాదికే ఇస్తారు. మళ్లీ ఫ్రీగా చదువు కూడానా?" అని కూడా అన్నారు. దానికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు.
ఒక పాఠకురాలు, ఆల్ఫారెటా

జవాబు: మీవారి మాటతోనే మొదలుపెడతాను. అది ఆయనొక్కరి మాట కాదు. మనవాళ్ల పాట్‌లక్ భోజనాల్లో శరణార్థుల ప్రస్తావన వస్తే ఎవరో ఒకరు అనే మాటే. దాన్ని ఇంట్లో తేల్చుకోకుండా మీరు క్లాసుకి వెళ్తే, కారు తాళాలు తీసిన ప్రతిసారీ ఇదే పంచాయితీ నడుస్తుంది.

ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఒక్కో దేశానికి 7 శాతం మించకూడదన్న నిబంధన ఉంది. మన లైను అంత పొడుగవడానికి కారణం అదే. శరణార్థులు ఆ లెక్కలోకి రారు. వాళ్ల దారి 1980 నాటి శరణార్థుల చట్టం కింద విడిగా ఉంది. క్లార్క్‌స్టన్‌కి ఒక్క శరణార్థి కూడా రాకపోయినా మీవారి గ్రీన్‌కార్డు వంతు ఒక్కరోజు ముందుకి వచ్చేది కాదు. మన కడుపుమంటలో న్యాయం ఉంది, కాకపోతే అది వీళ్ల మీద చూపించాల్సింది కాదు.

ఇక "అన్నీ ఫ్రీ" అన్న మాట. వాళ్లు ఎక్కి వచ్చిన విమానం టికెట్టే అప్పు. వడ్డీ ఉండదు గానీ, వచ్చిన కొన్ని నెలలకే వాయిదాలు మొదలవుతాయి. పునరావాస సంస్థ ప్రధానంగా చూసుకునేది మొదటి 90 రోజులు. అద్దె ఇల్లు, పరుపులు, గిన్నెలు, సోషల్ సెక్యూరిటీ కార్డు, పిల్లల స్కూలు, ఇవన్నీ ఆ గడువులో అయిపోవాలి. ప్రభుత్వ నగదు సాయం ఒకప్పుడు 12 నెలలు ఉండేది, 2025లో దాన్ని 4 నెలలకి కుదించారు. ఆలోపు ఇంగ్లీష్ వచ్చినా రాకపోయినా ఉద్యోగంలో చేరాల్సిందే. అందుకే క్లార్క్‌స్టన్ నుంచి తెల్లవారకముందే వ్యాన్లు బయల్దేరతాయి. గేన్స్‌విల్ వైపు కోళ్ల ఫ్యాక్టరీలకి వెళ్లిరావడానికే రోజులో రెండు గంటలు పోతాయి.

ఈ లెక్కలు మీవారికి చెప్పండి. వాదించి గెలవమని కాదు. ఆయన కోపం అసలు ఎవరి మీదో ఆయనకి తెలుస్తుంది.

వీసా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్వచ్ఛంద సంస్థలో, మామూలుగానే జీతం లేకుండా అందరూ చేసే పనిని, మీరూ జీతం లేకుండా చేస్తే అది ఉద్యోగం కింద రాదు. చిక్కు ఎక్కడంటే, వేరేవాళ్లకి జీతమిచ్చి చేయించే పనిని మీచేత ఊరికే చేయించడం, లేదా గిఫ్ట్ కార్డు, "గ్యాస్ ఖర్చులకి" అంటూ చేతిలో కవరు పెట్టడం. అలాంటివి మర్యాదగా వద్దనండి. మీ వీసా ఏమిటో సంస్థ వాళ్లకి మొదటే చెప్పండి. అయినా మనసు కుదుటపడకపోతే మీవారి కంపెనీ లాయర్‌కి ఒక మెయిల్ పెడితే సరిపోతుంది.

యాస గురించి టెన్షన్ పడకండి. ఫ్యాక్టరీలో వాళ్ల సూపర్‌వైజర్ సాగదీసే జార్జియా ఇంగ్లీష్ మాట్లాడతాడు. బెల్టు దగ్గర పక్కన నిలబడే ఆవిడది స్పానిష్ కలిసిన ఇంగ్లీష్. క్లినిక్‌లో డాక్టర్ నైజీరియా నుంచి వచ్చి ఉండొచ్చు, మన గుంటూరు నుంచీ వచ్చి ఉండొచ్చు. వాళ్లు రోజూ పది రకాల ఇంగ్లీషులు వింటారు, మీది పదకొండోది అవుతుంది, అంతే. పైగా మీ పక్కింటావిడకి లేని సౌకర్యం ఒకటి మీకుంది. మీరు ఈ భాషని నేర్చుకున్నారు. 'ఎ' ఎక్కడ పెట్టాలో, 'ది' ఎక్కడ పెట్టాలో తెలియక తడబడ్డారు. మనకి లేనట్టే నేపాలీకీ, బర్మీస్‌కీ ఆ ఆర్టికల్స్ గొడవ లేదు. వాళ్లు ఎక్కడ ఆగిపోయారో మీకు వెంటనే తెలుస్తుంది. ఆవిడకి అది తప్పని తెలుస్తుంది గానీ ఎందుకు తప్పుతున్నారో తెలియదు.

మీరు చూసుకోవాల్సింది ఇండియా అలవాట్లు. ఫోన్ నంబర్ చెప్పేటప్పుడు "డబుల్ ఫైవ్" అంటాం, ఇక్కడ "ఫైవ్ ఫైవ్" అనాలి. పిన్‌కోడ్ కాదు, జిప్ కోడ్. 4/7 అంటే మనకి జూలై నాలుగు, ఇక్కడ ఏప్రిల్ ఏడు. ఈ తేడా వల్ల అపాయింట్‌మెంట్లు తప్పిపోతాయి. క్లాసు చివర "ఎనీ డౌట్స్?" అనకండి, "ఎనీ క్వశ్చన్స్?" అనండి. ఇంకొకటి: థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. మనం రెండూ ఒకే ఊపులో అనేస్తాం. థర్టీన్, ఫిఫ్టీన్‌లలో చివర నొక్కాలి, థర్టీ, ఫిఫ్టీలలో మొదట నొక్కాలి. గంటకి ఎంత జీతం అన్నప్పుడూ, ఎమర్జెన్సీ నంబర్ 911కి అపార్ట్‌మెంట్ నంబర్ చెప్పేటప్పుడూ ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో పిల్లల ముందు పది నిమిషాలు ప్రాక్టీస్ చేయండి, వాళ్లు మొహమాటం లేకుండా దిద్దుతారు.

హిందీ వస్తే లాభమే, కానీ దాన్ని దాచుకుని వాడండి. మీరు చూసిన నేపాలీ పెద్దవాళ్లకి హిందీ ఎంతోకొంత అర్థమవుతుంది. అఫ్గాన్లలో పాకిస్తాన్‌లో తలదాచుకుని వచ్చినవాళ్లకి ఉర్దూ వస్తుంది. క్లార్క్‌స్టన్‌లో రోహింగ్యాలు తగిలినా ఆశ్చర్యపోకండి, మన హైదరాబాద్ బాలాపూర్ బస్తీల్లో ఉన్నవాళ్ల చుట్టాలే అయి ఉండొచ్చు. అయితే క్లాసులో హిందీ మొదలైందంటే ఆ కాంగో ఆయన గోడ వైపు చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. ఎవరికైనా పూర్తిగా అడ్డం పడినప్పుడు ఒక్క మాట సాయం చేసి మళ్లీ ఇంగ్లీష్‌లోకి వచ్చేయండి.

అన్నట్టు, ఆ నేపాలీ పెద్దవాళ్లని "నేపాల్‌లో ఏ ఊరు?" అని అడగకండి. వాళ్లు చాలావరకు భూటాన్ వాళ్లు. 1990ల మొదట్లో అక్కడినుంచి వెళ్లగొడితే తూర్పు నేపాల్‌లో ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో ఇరవై ఏళ్ల దాకా వెదురు గుడిసెల్లో బతికారు. 2008 నుంచి లక్షమందికి పైగా వేరే దేశాలకి వెళ్లారు, ఎక్కువమంది అమెరికాకే. ఊళ్లో ఉన్నప్పుడు వరి, యాలకులు, నారింజ పండించినవాళ్లు. నారు ఎప్పుడు పోయాలో, నాటు ఎప్పుడు వేయాలో మీకన్నా ఎక్కువ తెలిసినవాళ్లు. ఈ సంగతి గుర్తుంటే మీ గొంతులో టీచరమ్మ దానంతట అదే తగ్గుతుంది.

సగం మంది రాకపోవడం గురించి. షిఫ్టు మారి ఉంటుంది. పిల్లాడికి జ్వరం వచ్చి ఉంటుంది. బస్సు తప్పిపోయి ఉంటుంది. ఉద్యోగం దొరికినందుకే మానేసి ఉండొచ్చు, అది శుభవార్తే. ఈ క్లాసులు అన్నిచోట్లా ఇలాగే నడుస్తాయి. స్కూల్లో చెప్పినట్టు ఒక పాఠం మీద ఇంకో పాఠం పేర్చుకుంటూ పోతే మూడోవారానికి కూలిపోతుంది. ఏ వారం పాఠం ఆ వారమే పూర్తవ్వాలి. ఈరోజే మొదటిసారి వచ్చినావిడ కూడా ఇంటికెళ్లేటప్పుడు వాడుకోగలిగిన ఒక్క వాక్యం పట్టుకెళ్లాలి. "పోయినవారం ఎక్కడ ఆపాం?" అన్న ప్రశ్నే వద్దు. పోయినవారం మాటల్ని ఈవారం పాఠంలో కలిపేయండి. వచ్చినవాళ్లకి రివిజన్, రానివాళ్లకి కొత్త పాఠం. రెండు వారాల తర్వాత తలుపు తోసుకుని వచ్చినావిడని "ఎందుకు రాలేదు?" అని మాత్రం అడగొద్దు. చోటు చూపించి కూర్చోబెట్టండి.

ఇప్పుడు అరవై ఏళ్లావిడ. ఇదే మీ ఉత్తరంలో అసలు ప్రశ్న.

ఏబీసీడీలతో మొదలుపెట్టకండి. ఆవిడకి ముందుగా కావాల్సింది తన పేరు, సంతకం చేయాల్సిన చోట వేలిముద్ర కాకుండా రాయగలిగే తన పేరు. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి, దాని మీదే దిద్దమనండి. ఎప్పుడూ పెన్సిల్ పట్టని చేయి పది నిమిషాలకే నొప్పెడుతుంది. వేళ్లు బిగుసుకుంటాయి, కాగితం చిరిగేలా నొక్కుతారు. అప్పుడు ఆపి మాటల్లోకి వెళ్లండి, కాసేపయ్యాక మళ్లీ పెన్సిల్. చేయి పట్టుకుని దిద్దించడం మన అలవాటు. ఆడవాళ్లదైతే అడిగి పట్టుకోండి, మగవాళ్లదైతే అసలు వద్దు. ఇంట్లో దరీ, పష్తో, అరబిక్ చదివినవాళ్లు కుడినుంచి ఎడమకి చదువుతారు. వాళ్లకి అక్షరాలు కొత్త, చదువు కొత్త కాదు. వాళ్లనీ ఈవిడనీ ఒకే బెంచీలో ఒకే పాఠంతో కూర్చోబెడితే ఇద్దరికీ విసుగే. ఒక క్లాసుకి ఇద్దరు వాలంటీర్లు ఉండటం అందుకే మంచిది. మీ పక్కింటావిడ ఒకవైపు, మీరు ఒకవైపు.

బొమ్మలు చూపిస్తే ఎవరికైనా అర్థమవుతుందనుకుంటాం. బడికి వెళ్లనివాళ్లకి గీతల బొమ్మ చదవడం కూడా కొత్త విద్యే. తల మాత్రమే గీసి ఉంటే మిగతా మనిషేడీ అని చూస్తారు. కాబట్టి నిజమైన వస్తువులు పట్టుకెళ్లండి. ఖాళీ మందు సీసా, కరెంటు బిల్లు, మార్టా బస్సు, రైళ్ల బ్రీజ్ కార్డు, క్రోగర్ సూపర్‌మార్కెట్ వాళ్ల ఆఫర్ల కాగితం, చిల్లర నాణేలు. డైమ్ (పది సెంట్లు) చిన్నదైనా నికెల్ (అయిదు సెంట్లు) కన్నా విలువ ఎక్కువన్న సంగతి మీకూ మొదట్లో వింతగానే ఉండి ఉంటుంది. మీ పిల్లల పాత కిండర్‌గార్టెన్ పుస్తకాలు మాత్రం ఇంట్లోనే ఉంచండి. ఆరుగురిని కని పెంచినావిడ చేత కుందేలు పాట పాడించడం బాగుండదు. ఆవిడ నవ్వుతూ పాడుతుంది కూడా, మర్యాద కోసం.

చదివించడానికి పుస్తకం కన్నా వాళ్ల మాటలే నయం. నిన్న ఏం చేశారని అడగండి. ఒకావిడ "ఐ కుక్ రైస్" అంటుంది, ఇంకొకావిడ "మై సన్ వర్క్ నైట్, స్లీప్ డే" అంటుంది. వాళ్లు చెప్పిందే బోర్డు మీద రాయండి. అవసరమైన చోట చిన్న దిద్దుబాటు చేయండి, వాక్యాన్ని మాత్రం మార్చేయకండి. ఎవరి వాక్యం పక్కన వాళ్ల పేరు రాయండి. ఇప్పుడు అందరూ కలిసి చదవాలి. ఏముందో ముందే తెలుసు కాబట్టి భయం లేదు, అక్షరాన్ని మాటతో కలుపుకోవడమే మిగిలింది. తర్వాత వాక్యాల్ని కత్తెరతో ముక్కలు చేసి కలిపేయండి, వాళ్లని పేర్చమనండి. ఆ కాగితం ఇంటికి పట్టుకెళ్లి మనవడికి చదివి వినిపిస్తారు.

పెద్దవాళ్ల చదువు వాళ్ల బతుకులోంచి వస్తేనే పడుతుందని నెల్లూరు జిల్లావారికి నేను చెప్పాలా? 1990ల మొదట్లో మీ జిల్లాలోనే, సాక్షరతా క్లాసుల్లో సారా వల్ల చితికిపోయిన ఇల్లాలి పాఠం చదివి దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అక్కడినుంచే రాష్ట్రమంతా ఉద్యమం లేచింది. క్లార్క్‌స్టన్‌లో మీరు ఉద్యమం లేపక్కర్లేదు గానీ, వాళ్ల బల్ల మీద ఈవారం ఏ కాగితం ఉందో కనుక్కోండి, పాఠం అందులో దొరుకుతుంది.

ఉదాహరణకి ఫారం నింపడం. మొదటిసారి చేయించినప్పుడు మీరే గమనిస్తారు, క్లాసులో చాలామంది పుట్టినరోజు జనవరి 1. అందరూ ఒకేరోజు పుట్టారని కాదు. తేదీ తెలియనప్పుడు కాగితాల మీద అదే వేశారు. మన నాన్నల తరంలో బడిలో అయ్యవారు వేసిన జూలై 1 లాంటిదే. మీరు నవ్వినా వాళ్లూ నవ్వుతారు, ఆ ఒక్క విషయంలో. పేర్ల దగ్గర ఇంకో చిక్కు. బర్మా వాళ్లకి ఇంటిపేరు ఉండదు. అఫ్గాన్లలో ఒక్క పేరే ఉన్నవాళ్లున్నారు. వాళ్ల కాగితాల్లో మొదటి పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న మనవాళ్లకి పడినట్టే. కార్డు మీద ఎలా ఉంటే ఫారంలో అలాగే రాయాలి, ఒక్క అక్షరం కూడా తేడా రాకూడదు. ఇది మాత్రం పట్టుబట్టి నేర్పండి.

ఇంకో పాఠం చెప్తాను, దీనికి పుస్తకం అక్కర్లేదు. రెండు కుర్చీలు వీపులు ఆనేలా వేయండి. ఒకరు ఫ్యాక్టరీ ఆఫీసు, ఇంకొకరు ఒంట్లో బాగాలేని ఉద్యోగి. "హలో. దిస్ ఈజ్..." అని పేరు చెప్పాలి, పేరు స్పెల్లింగ్ చెప్పాలి, "ఐ యామ్ సిక్. ఐ కెనాట్ కమ్ టుడే" అనాలి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు గలగలా మాట్లాడినవాళ్లు వీపు తిప్పగానే మూగబోతారు. చేతులు లేవు, మొహం లేదు, గొంతొక్కటే. వాళ్లకి ఫోన్ అంటే అందుకే భయం. ఆ భయంతో ఫోన్ చేయకుండా ఇంట్లో ఉండిపోతే, చెప్పకుండా మానేశారని ఉద్యోగం తీసేస్తారు. అటువైపు వాయిస్ మెయిల్ వస్తే ఏం చేయాలి, "కెన్ యూ రిపీట్ దట్?" ఎప్పుడు అనాలి, ఇవన్నీ ఆ రెండు కుర్చీల మధ్యే వచ్చేస్తాయి. ఒంట్లో బాగాలేదని చెప్పడం వచ్చాక హీటర్ పనిచేయట్లేదని అపార్ట్‌మెంట్ ఆఫీసుకి, అడ్రస్ 911కి. కుర్చీలు అవే.

కుటుంబం పాఠం దగ్గర కాస్త ఆగండి. ప్రతి పుస్తకంలోనూ రెండో మూడో పాఠం అదే. ఎంతమంది అన్నదమ్ములు, ఎంతమంది పిల్లలు, వంశవృక్షం గీయండి. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే ఒకరు పోయినవాళ్లని లెక్కపెట్టాలా వద్దా అని ఆలోచించాల్సి రావచ్చు. ఇంకొకరి కొడుకు ఇంకా కాబూల్‌లోనే ఉండొచ్చు. "ఈరోజు మీ ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడగండి, చాలు. ఏం జరిగింది, ఎలా తప్పించుకొచ్చారు అని ఎప్పుడూ అడగొద్దు. వాళ్లంతట వాళ్లు చెప్తే వినండి. ఏడిస్తే మంచినీళ్లివ్వండి, కాసేపు ఆగండి, తర్వాత కోఆర్డినేటర్‌కి చెప్పండి. ఎవరి కాగితాలు ఏ స్థితిలో ఉన్నాయో కూడా అడగొద్దు. ఇప్పుడున్న పరిస్థితిలో ఆ ప్రశ్న వింటేనే బెదిరిపోతారు.

ఫోటోల విషయంలో మనవాళ్లకి గట్టిగా చెప్పాలి. క్లాసులో సెల్ఫీ తీసి "ఈరోజు సేవ" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. సరిహద్దుకి అవతల వాళ్లవాళ్లున్నారు, ఆ మొహం ఎవరి కంట పడకూడదో మనకి తెలియదు. అలాగే అడగకుండా పాత బట్టల సంచులు మోసుకెళ్లడం కూడా వద్దు. క్లాసుకి వచ్చినవాళ్లు చదువుకోవడానికి వచ్చారు.

ఒకరిద్దరు దగ్గరయ్యాక ఆసుపత్రికి తోడు రమ్మంటారు, డాక్టర్ మాట చెప్పమంటారు. మీకు హిందీ వస్తే ఇక తప్పదనిపిస్తుంది. వెళ్లకండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి, 1964 పౌరహక్కుల చట్టం ఇచ్చిన హక్కు అది. పన్నెండేళ్ల కూతురో, క్లాసు టీచరో తల్లికి క్యాన్సర్ పరీక్ష గురించి చెప్పాల్సిన పరిస్థితి రాకూడదు. మీరు నేర్పాల్సింది "ఐ నీడ్ యాన్ ఇంటర్‌ప్రెటర్, నేపాలీ" అన్న వాక్యం. ఇమిగ్రేషన్ ఫారాల గురించి సలహా కూడా అంతే. మన ఇళ్లలో ఐ-140, ఐ-485 గురించి ప్రతివాళ్లూ సగం లాయరే. ఆ జ్ఞానం వీళ్ల మీద ప్రయోగించకండి. వాళ్లది వేరే చట్టం, ఒక్క తప్పుకి మూల్యం వాళ్లు చెల్లిస్తారు. సంస్థ దగ్గర గుర్తింపు ఉన్న ప్రతినిధులుంటారు, అటు పంపండి. అప్పులు, మీ ఇంటి అడ్రస్, కారులో తిప్పడం లాంటివాటికి సంస్థ నిబంధనలే మీ నిబంధనలు. "మా ఆఫీసు వాళ్లు ఒప్పుకోరు" అని చెప్పడం మీకూ తేలిక.

మీరు సోషల్ టీచర్ కాబట్టి ఒక మాట. కొన్నాళ్లయ్యాక సిటిజన్‌షిప్ క్లాసు అడిగి తీసుకోండి, అక్కడ మీరు రాణిస్తారు. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకి కొత్త పరీక్ష. 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 చెప్పాలి. ఇంతకుముందు 100లోంచి పది, ఆరు చెప్తే చాలు. పెద్దవాళ్లు ప్రశ్నలు బట్టీ పట్టేస్తారు, మనం పట్టినట్టే. వాళ్లు ఆగిపోయేది వేరేచోట. ఆఫీసర్ "హౌ డిడ్ యూ గెట్ హియర్ టుడే?" అంటే అది పరీక్షలో భాగమని తెలియక బిక్కమొహం వేస్తారు. ఫారంలో "హావ్ యూ ఎవర్..." అని మొదలయ్యే ప్రశ్నలకి అర్థం తెలియకుండా నో, నో అనుకుంటూ పోతారు, యెస్ అనాల్సిన ప్రశ్న వచ్చినా గమనించరు. రోజూ వినే మీ గొంతు వాళ్లకి అలవాటైపోతుంది కాబట్టి మాక్ ఇంటర్వ్యూకి కొత్త మనిషి కావాలి. మీవారిని ఒక శనివారం ఇస్త్రీ చొక్కా వేయించి తీసుకెళ్లండి. మనవాళ్లకి ఇంటర్వ్యూలు చేయడం కొత్త కాదుగా.

యాభై దాటి గ్రీన్‌కార్డు మీద ఇరవై ఏళ్లు, లేదా యాభై అయిదు దాటి పదిహేనేళ్లు ఉన్నవాళ్లకి ఇంగ్లీష్ పరీక్ష లేదు, ప్రశ్నలు వాళ్ల భాషలోనే అడుగుతారు. మొదట్లో వచ్చిన భూటాన్ పెద్దవాళ్లకి ఆ పదిహేనేళ్లు ఇప్పుడిప్పుడే నిండుతున్నాయి. ఈ సంగతి తెలియక ఏడుస్తూ స్పెల్లింగులు దిద్దేవాళ్లుంటారు. లెక్క మీరు వేయకండి, సంస్థలో అడగమని చెప్పండి.

ఇక ఎక్కడ చేరాలంటే: మీ పక్కింటావిడ వెళ్లే చోటే మొదలుపెట్టడం తేలిక. లేదంటే అట్లాంటాలో న్యూ అమెరికన్ పాత్‌వేస్, ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ లాంటి సంస్థలున్నాయి, క్లార్క్‌స్టన్‌లోనే ఫ్రెండ్స్ ఆఫ్ రెఫ్యూజీస్ ఉంది. కొన్ని క్లాసులు చర్చి హాల్లో జరుగుతాయి, కొన్ని సంస్థలు మతపరమైనవి కూడా. మీకు ఎంతవరకు ఇబ్బంది లేదో ముందే చూసుకోండి. 2025 జనవరిలో కొత్తవాళ్ల రాక ఆపేశారు, 2026 ఆర్థిక సంవత్సరానికి పరిమితిని మొదట 7,500గానే ప్రకటించారు. 2024లో లక్షమంది వచ్చారు. నిధులు పోయి సంస్థలు ఉద్యోగుల్ని తగ్గించుకున్నాయి, కానీ వచ్చిన లక్షమంది ఇక్కడే ఉన్నారు. కాబట్టి మీ మెయిల్‌కి జవాబు ఆలస్యమైతే మీరు వద్దని కాదు, చూసే మనిషి లేక. వారం ఆగి ఫోన్ చేయండి.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, ఓరియంటేషన్ ఉంటుంది. ఉదయం పది తర్వాతి క్లాసు అడగండి, జీఏ 400 మీదా 285 మీదా ఆఫీసు ట్రాఫిక్ తగ్గాక బయల్దేరి పిల్లల బస్సు వేళకి ఇల్లు చేరొచ్చు. ప్రతివారం వెళ్లగలిగిన ఒక్కరోజే ఒప్పుకోండి, ఉత్సాహంలో మూడు రోజులు అనకండి. వేసవిలో ఇండియా వెళ్తారు కదా, ఆ తేదీలు చేరేరోజే కోఆర్డినేటర్‌కి ఇవ్వండి. వెళ్లడానికి రెండు వారాల ముందు క్లాసులో గోడ క్యాలెండర్ మీద చూపించండి, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా మీరుండరో, ఆ రోజుల్లో ఎవరొస్తారో. నెలల పేర్లు, "బిఫోర్", "ఆఫ్టర్" పాఠం ఆరోజుకి అదే అయిపోతుంది.